లేని ఊరికి విజ్ఞాన సర్వస్వంలో చోటు

నిజంగా ఉన్న ఊరికి వికీపీడియాలో పేజీ పెట్టడానికి పెద్ద వాదన అక్కర్లేదు. జనగణనలో పేరుండి, జనం కాపురముంటే దాదాపు చాలు. తెలుగు వికీపీడియాలో మన గ్రామాలకు వేల పేజీలున్నది ఆ వెసులుబాటు వల్లనే. రచయిత ఊహించిన ఊరికి అది వర్తించదు. దాని గురించి ఇతరులు ఏం రాశారన్నదే దానికున్న ఒకే ఒక్క ఆధారం. ఆ ఆధారాన్ని ఎలా తూచాలో ఆర్.కె. నారాయణ్ సృష్టించిన మాల్గుడితోనే చూద్దాం.

ముందుగా నవలల్ని పక్కన పెట్టాలి. ఈ పనికి పూనుకునేది సాధారణంగా ఆ నవలల్ని ప్రేమించినవాళ్లే కాబట్టి ఇది మనసుకు కష్టం. సరయు నది, మెంపి కొండలు, కబీర్ వీధి, మార్కెట్ రోడ్డు, లాలీ ఎక్స్‌టెన్షన్, స్వామి చదివిన ఆల్బర్ట్ మిషన్ స్కూలు, అన్నిటినీ పుటల సంఖ్యలతో సహా ఏరి పేర్చినా అర్హత సంగతి తేలదు. అవన్నీ ఊరిని పుట్టించినవాడు ఇచ్చిన సాక్ష్యాలే. నవలలన్నీ కలిపి చదివి మనమే ఊరి పటం గీశామంటే అది మౌలిక పరిశోధన అవుతుంది, వికీపీడియా ఒప్పుకోదు.

ఇక బయటివాళ్ల రాతలు వెతకాలి. సమయమంతా ఇక్కడే ఖర్చుపెట్టాలని నా అభిప్రాయం. దొరికిన ప్రతి రచననూ రెండు విషయాలు అడగాలి. రాసినవారికి రచయితతో గానీ ప్రచురణకర్తతో గానీ సంబంధం ఉందా? ఊరి గురించి నాలుగు పేరాలైనా చర్చించారా, కథ చెబుతూ పేరు తలిచి వదిలేశారా? 1978లో జేమ్స్ ఫెనెల్లీ రాసిన పరిశోధన వ్యాసం ఈ రెండు పరీక్షలకూ నిలుస్తుంది. హిందూ విశ్వభావనలోని క్రమానికి మాల్గుడి ఒక ప్రతిరూపమని ఆయన వాదన. అంటే వ్యాసానికి విషయమే ఆ పట్టణం. 1977లో వచ్చిన 'ఇండియా: ఎ వూండెడ్ సివిలైజేషన్'లో వి.ఎస్. నైపాల్ నారాయణ్ నవలల్ని తీవ్రంగా ప్రశ్నించాడు. విమర్శ కూడా మూలమే, పొగడ్తే కావాలన్న నియమమేమీ లేదు. కాకపోతే నైపాల్ దృష్టి ఊరి మీద కన్నా అక్కడి మనుషుల జీవనదృష్టి మీద ఎక్కువ. అందుకే దాన్ని తోడు మూలంగా పెట్టుకోవడం న్యాయం.

తికమక పెట్టేది నారాయణ్ సొంత వ్యాసం. 1965లో వచ్చిన 'గైడ్' సినిమా కోసం కథను మాల్గుడి నుంచి రాజస్థాన్‌కు తరలించారు. దాని మీద తన అసంతృప్తిని ఆయన ఒక వ్యాసంలో వివరంగా చెప్పారు. రాసింది సృష్టికర్తే కనుక అర్హత తేల్చడానికి అది పనికిరాదు. కానీ పేజీ అంటూ పెట్టాక అందులో దానికి తప్పక చోటివ్వాలి. ఆ ఊరు కథకు ఎంత అవసరమని రచయిత అనుకున్నారో అంత నేరుగా తెలిపే రచన మరొకటి దొరకదు.

మూలాలు దొరికినంత మాత్రాన విడిగా పేజీ కావాలని కాదు. ఆ సమాచారం మరో పేజీలో ఇమిడిపోతుందేమో చూడాలి. 2018 నాటి 'రంగస్థలం' సినిమాలోని కల్పిత గ్రామం ఆ ఒక్క సినిమాలోనే ఉంది, కాబట్టి సినిమా పేజీలో ఒక విభాగం సరిపోతుంది. మాల్గుడి అలా కాదు. 1935లో 'స్వామి అండ్ ఫ్రెండ్స్'తో మొదలై 1990 నాటి 'ది వరల్డ్ ఆఫ్ నాగరాజ్' దాకా నడిచింది. ఏ ఒక్క నవల పేజీలోనూ పట్టదు. పైగా పుస్తకం దాటి బయటికొచ్చింది. శంకర్ నాగ్ దూరదర్శన్‌కు తీసిన ధారావాహిక కోసం అగుంబె మాల్గుడి అయింది. ఆ చిత్రీకరణ జరిగిన అరసాళు రైల్వే స్టేషన్ పాత భవనంలో ఇప్పుడు మాల్గుడి పేరున మ్యూజియం ఉంది. నా తీర్పు ఇక్కడ ఖాయమైంది: మాల్గుడికి సొంత పేజీ ఉండాలి.

పేరు కూడా ఒకసారి సరిచూసుకోవాలి. 'బాహుబలి' చూసి మాహిష్మతి మీద పేజీ మొదలుపెట్టేవారు, ఆ పేరుతో నర్మదా తీరాన ప్రాచీన నగరం ఉండేదని, మహాభారతంలోనూ దాని ప్రస్తావన ఉందని గుర్తుంచుకోవాలి. రెంటినీ ఒకే పేజీలో కలిపితే చరిత్ర చదవడానికొచ్చిన విద్యార్థి మోసపోతాడు. అయోమయ నివృత్తి పేజీ పెట్టి రెండు దారులూ చూపాలి.

రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే 'కల్పిత పట్టణం' అన్న మాట పడాలి. అక్షాంశ రేఖాంశాలు, జనాభా, పిన్‌కోడ్ గడులున్న ఊళ్ల సమాచారపెట్టె వాడకూడదు. 'ఊరి పక్కన సరయు ప్రవహిస్తోంది' అని కాక 'నారాయణ్ ఊరి పక్కన సరయును ప్రవహింపజేశారు' అని రాస్తే చదివేవారు కథకు బయటే నిలబడతారు.

ఎవరైనా తొలగింపు ప్రతిపాదన పెడితే చర్చ పేజీలో ఇష్టాయిష్టాలు చెప్పి ప్రయోజనం లేదు. మూలం పేరు, పుట సంఖ్య, అందులో ఊరి గురించి ఎంతమేర ఉందో రాయాలి. నిర్ణయించేవారు చేతులు లెక్కపెట్టరు, వాదనల బలం చూస్తారు. మూలాలు చాలవని తేలితే పేజీని రచయిత పేజీకో పుస్తకం పేజీకో దారిమార్పు చేస్తారు. అప్పుడు కూడా పాత పాఠం పేజీ చరిత్రలో ఉంటుంది. మంచి మూలం దొరికాక దారిమార్పు తీసేసి అక్కడి నుంచే రాయవచ్చు.