మీ వైఫైలో ఎవరెవరున్నారు? ఎన్‌మ్యాప్‌లో ఏ ఆప్షన్ ఎప్పుడు వాడాలి

ఇంటి వైఫైకి తెలియని డివైస్ ఏదైనా కనెక్ట్ అయ్యిందేమో చూడాలంటే చాలామంది ముందు పింగ్ చేస్తారు. జవాబు రాకపోతే అక్కడ ఎవరూ లేరనుకుంటారు. చిక్కంతా ఇక్కడే. పబ్లిక్ నెట్‌వర్క్ అని సెట్ చేసిన విండోస్ ల్యాప్‌టాప్ మామూలుగా పింగ్‌కి పలకదు. పలకనంత మాత్రాన లేనట్టు కాదు కదా! ఎన్‌మ్యాప్‌లో హోస్ట్ డిస్కవరీకి ఇన్ని ఆప్షన్లు ఉన్నది ఇందుకే.

(కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేయాలి.)

ఇంట్లో అయితే: సుడో ఎన్‌మ్యాప్ -ఎస్ఎన్ 192.168.1.0/24

మీ రౌటర్ అడ్రస్ వేరైతే దాన్నిబట్టి మార్చుకోండి. -ఎస్ఎన్ అంటే పోర్టుల జోలికి వెళ్లకుండా ఎవరున్నారో మాత్రమే చెప్పమని. సుడో ఉంటే ఎన్‌మ్యాప్ లోకల్ నెట్‌వర్క్‌లో ఏఆర్‌పీ వాడుతుంది: "ఈ ఐపీ ఎవరిది?" అని అందరినీ అడుగుతుంది. ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపినా, దీనికి డివైస్ సాధారణంగా జవాబివ్వాల్సిందే. లేకపోతే ఐపీవీ4లో దానికి డేటానే అందదు.

సుడో లేకపోతే 80, 443 పోర్టులకు కనెక్ట్ అవ్వడానికి ట్రై చేస్తుంది, అంతే. రూట్ చేయని ఫోన్‌లో టెర్మక్స్ నుంచి స్కాన్ చేసినా ఇదే పరిస్థితి. అందుకే ఈ పనికి నేను ల్యాప్‌టాప్ తీస్తాను.

రౌటర్ అవతల ఉంటే: -పీఈ, -పీఎస్22,443

ఏఆర్‌పీ రౌటర్ దాటదు. అక్కడ పింగ్ (-పీఈ), టీసీపీ సిన్ (-పీఎస్) కలిపి వాడాలి. పోర్ట్ తెరిచి ఉన్నా, "మూసేశాం" అని జవాబొచ్చినా డివైస్ ఉన్నట్టే.

-పీఎన్ ఎప్పుడు?

ఇది డిస్కవరీ మానేసి, ప్రతి అడ్రస్ ఆన్‌లో ఉన్నట్టే లెక్కేస్తుంది. కచ్చితంగా ఉందని తెలిసిన ఒక్క డివైస్‌కి బాగుంటుంది. రౌటర్ అవతలి 256 అడ్రస్‌లకీ పెడితే ఖాళీ వాటి మీద కూడా పోర్ట్ స్కాన్ చేస్తూ కూర్చుంటుంది. (ఈ ఆప్షన్లన్నింటిలో పీ పెద్దక్షరం, -పీఎన్‌లో ఎన్ మాత్రం చిన్నది.)

రిజల్ట్ చదివేటప్పుడు

కంపెనీ పేరు "అన్‌నోన్" అని వస్తే కంగారు పడకండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగా ర్యాండమ్ మ్యాక్ వాడుతున్నాయి. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ అయితే అది అలాంటిదే కావచ్చు. నిద్రలో ఉన్న ఫోన్ ఒక్కోసారి తప్పించుకుంటుంది కాబట్టి రెండు మూడు సార్లు స్కాన్ చేయండి. గెస్ట్ వైఫైలో డివైస్‌లను ఒకదానికొకటి కనపడకుండా విడదీస్తే ఏఆర్‌పీ కూడా పనిచేయదు. అప్పుడు రౌటర్ లిస్టే చూడాలి.

లెక్క తేలని డివైస్ మిగిలిందా? వైఫై పాస్‌వర్డ్ మార్చి, మీవి ఒక్కొక్కటిగా కలపండి. స్కాన్ మాత్రం మీ సొంత నెట్‌వర్క్‌లోనే, లేదా ఓనర్ అనుమతితోనే. కాలేజీ, ఆఫీస్ వైఫై మీద ప్రయోగాలు వద్దు.