పిత్తనాళము, క్లోమములలో కంతులు – జన్యువుల పాత్ర

"మా వంశంలో ఎవరికీ ఈ జబ్బు లేదు. నాన్నగారికి ఎందుకు వచ్చింది? రేపు మా పిల్లలకు కూడా వస్తుందా?" పిత్తనాళములో గాని, క్లోమములో గాని క్యాన్సర్ కంతి ఉందని తెలిసిన రోజున కుటుంబ సభ్యులు అడిగే ప్రశ్నలివి. కొందరు పైకి అడగలేక లోలోపల కుమిలిపోతారు. వారి కోసమే ఈ పాఠం.

ఈ అవయవాలు ఎక్కడ ఉంటాయి?

కాలేయంలో తయారైన పైత్యరసాన్ని చిన్న ప్రేగుకు చేర్చే గొట్టమే పిత్తనాళము. క్లోమము జీర్ణాశయం వెనుక ఉండే గ్రంథి. ఇది జీర్ణరసాలను, ఇన్సులిన్‌ను తయారు చేస్తుంది. పిత్తనాళము క్లోమం తలభాగం గుండా వెళ్ళి చిన్న ప్రేగులోనికి తెరుచుకుంటుంది. అందువలన ఈ దారిలో కంతి లేస్తే పైత్యరసం ఆగిపోయి కళ్ళు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది, మలం తెల్లబడుతుంది, ఒళ్ళంతా దురద పుడుతుంది.

జన్యు మార్పు అనగా ఏమి?

మన శరీరంలోని ప్రతి కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేవి జన్యువులు. కొన్ని జన్యువులు బండికి యాక్సిలరేటర్ వంటివి, కొన్ని బ్రేకు వంటివి. క్లోమ క్యాన్సర్లలో నూటికి సుమారు 90 మందిలో 'కె-రాస్' అనే జన్యువు మారి యాక్సిలరేటర్ నొక్కినట్టే ఉండిపోతుంది. 'టి.పి.53' వంటి బ్రేకు జన్యువులు కూడా చెడితే కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. కాలేయం లోపలి పిత్తనాళాల క్యాన్సర్లలో కొందరికి 'ఎఫ్.జి.ఎఫ్.ఆర్.2', మరి కొందరికి 'ఐ.డి.హెచ్.1' అనే జన్యువులలో మార్పు ఉంటుంది.

ఇది పిల్లలకు వస్తుందా?

ఎక్కువ మందిలో రాదు. పైన చెప్పిన మార్పులు సాధారణంగా జీవితకాలంలో ఆ కంతి కణాలలో మాత్రమే ఏర్పడతాయి. అవి బిడ్డలకు సంక్రమించవు. అయితే క్లోమ క్యాన్సర్ వచ్చిన ప్రతి 100 మందిలో 10 మంది వరకు పుట్టుకతోనే ఒక జన్యు లోపం కలిగి ఉంటారు. వీటిలో ముఖ్యమైనది 'బి.ఆర్.సి.ఎ.2'. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు కూడా ఇదే కారణం కావచ్చు. కాబట్టి మేనత్తకు రొమ్ము క్యాన్సర్ ఉండిన సంగతి, నాన్నగారి క్లోమ వ్యాధికి సంబంధం లేదనుకోకండి. డాక్టరుకు చెప్పండి.

"మాది మేనరికం కాదు గదా" అని కొందరంటారు. ఈ లోపానికి మేనరికం అవసరం లేదు. తల్లిదండ్రులలో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగం అవకాశం ఉంటుంది. లోపం ఉన్నంత మాత్రాన జబ్బు తప్పక వస్తుందని కాదు. జాగ్రత్తగా పరీక్షలు చేయించుకోవాలని మాత్రమే అర్థం.

క్లోమంలో హార్మోన్లు తయారు చేసే కణాల నుండి పుట్టే అరుదైన కంతులు వేరే ఉన్నాయి. ఇవి చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి. కొన్ని కుటుంబాలలో 'మెన్-1' అనే జన్యు లోపం వలన వస్తాయి. అట్టి కుటుంబాలలో కొందరికి మూత్రపిండాలలో మాటిమాటికీ రాళ్ళు రావడం కూడా ఒక సూచన కావచ్చు.

పరీక్ష వలన ప్రయోజనం ఏమి?

తొలి దశలో ఆపరేషనే ప్రధాన చికిత్స. ముదిరిన దశలో జన్యు పరీక్ష మందును ఎంచుకోవడానికి తోడ్పడుతుంది. బి.ఆర్.సి.ఎ. లోపం ఉన్న క్లోమ రోగులకు ఒలాపరిబ్ 2019లోను, పిత్తనాళ క్యాన్సర్‌కు పెమిగటినిబ్ 2020లోను, ఐవోసిడెనిబ్ 2021లోను అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి తగిన మార్పు ఉన్నవారికే పనిచేస్తాయి. జబ్బును పూర్తిగా నయం చేయవు, కొంతకాలం అదుపులో ఉంచుతాయి. ఖరీదు కూడా ఎక్కువ. అందుచేత అప్పు చేసే ముందు లాభనష్టాలను డాక్టరుతో విపులంగా మాట్లాడండి.

మీరు చేయవలసినవి

1. కామెర్లు కనబడితే పసరు మందులతో వారాలు గడపకండి. ఆపరేషన్‌కు వీలైన సమయం దాటిపోవచ్చు. వెంటనే స్కాన్ చేయించండి.
2. తల్లి వైపు, తండ్రి వైపు ఎవరెవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందో ఒక కాగితంపై వ్రాసి తీసుకురండి.
3. బయాప్సీ రిపోర్టులు, స్లైడ్లు, బ్లాకులు భద్రపరచండి. జన్యు పరీక్షకు అవే అవసరమవుతాయి.
4. జన్యు పరీక్ష ముందుగా రోగికి చేయించడం మంచిది. పుట్టుకతో వచ్చిన లోపం బయటపడితే రక్త సంబంధీకులకు చేయించవచ్చు.
5. పొగాకు పూర్తిగా మానండి. క్లోమ క్యాన్సర్‌కు అదొక ముఖ్య కారణం.
6. ఇది అంటువ్యాధి కాదు. రోగికి కంచం, గ్లాసు వేరు చేసి మనసు నొప్పించకండి.

చివరిగా ఒక మాట. ఈ జబ్బు ఎవరి పాపానికీ శిక్ష కాదు, కోడలి జాతకదోషమూ కాదు. కంటికి కనబడని ఒక కణంలో జరిగిన పొరపాటు. కనుక ఇంట్లో ఒకరినొకరు నిందించుకోక, రోగి ప్రక్కన కూర్చుని చేయి పట్టుకోండి. ప్రార్థన చేయండి, వైద్యమూ చేయించండి. ఆ రెండింటికీ విరోధం లేదు.