ప్రైవేటు మాస్టారు

పల్నాటి సీమలో ‘ప్రైవేటు’ అనే మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం స్థిరపడింది. ‘పిల్లవాడు ప్రైవేటుకు వెళ్ళాడు’ అంటే కళాశాల వేళలకు ముందో తరువాతో ఒక ఉపాధ్యాయుని ఇంట లెక్కలో, భౌతికశాస్త్రమో చెప్పించుకోవడానికి వెళ్ళాడని అర్థం. ఆ వరండాలో నలభై మంది కూర్చున్నా అది ప్రైవేటే. ఇంగ్లీషు మాట తెలుగు నేలలో వేళ్ళూనుకొని తన అసలు అర్థాన్ని ఎంతగా వదులుకోగలదో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

ఇంటి అరుగు మీద లెక్కలు నేర్పడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 11వ శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. వీధి బడులలో పిల్లలు ఎక్కాలు, వడ్డీ లెక్కలు వల్లె వేసేవారు. అయితే నేటి ప్రైవేటుకు మూలం అక్కడ లేదు. 1950లో నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల ఏర్పడింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. మెట్ట పొలాలకు నీరందిన కుటుంబాలలో బిడ్డలను ఇంజనీర్లను చేయాలనే ఆశ మొలకెత్తింది. 1969–70లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ విద్య ఆరంభమైంది.

పదవ తరగతికి, ఇంటర్మీడియట్‌కు నడుమ ఉన్న ఎడం చిన్నది కాదు. అంతవరకు సంఖ్యలతో, ఆకృతులతో పరిచయమున్న విద్యార్థి ఒక్కసారిగా సదిశలను, అవధులను, అవకలజాలను ఎదుర్కొంటాడు. గురజాల, రెంటచింతల వంటి చోట్ల తెలుగు మాధ్యమంలో చదివినవాడు ఆంగ్ల మాధ్యమంలో చేరితే అతని కష్టం రెట్టింపవుతుంది. ‘త్వరణం’ అంటే తెలిసినవాడే దాని ఆంగ్ల పదం విని బిక్కమొగం వేస్తాడు. అతనికి కొరవడినది విషయజ్ఞానం కాదు, మాట మాత్రమే. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథాలు ఇటువంటి వారికి ఎంతో ఆసరా అయ్యాయి. పుస్తకం ఇవ్వలేని తక్కిన ఆసరా కోసం వారు ప్రైవేటు మాస్టారి గడప తొక్కారు.

మంచి మాస్టారు ఏమి చేస్తాడో ఒక లెక్కతో చూడవచ్చు. సాగర్ కుడి కాలువ గట్టున ఒక రైతు దీర్ఘచతురస్రాకారపు మిరప తోటకు మేకలు పడకుండా కంచె వేయాలి. అతని వద్ద 100 మీటర్ల కంచె ఉంది. కాలువ వైపు కంచె అక్కరలేదు. తోట వైశాల్యం గరిష్ఠం కావాలంటే కొలతలు ఎంత ఉండాలి? మామూలు బోధకుడు వెంటనే సూత్రం రాసి, అవకలనం చేసి, సున్నకు సమానం చేస్తాడు. మంచి మాస్టారు ముందుగా ఊహించమంటాడు. ఎక్కువమంది ‘చతురస్రం’ అంటారు. మూడు వైపులకు సమానంగా పంచితే వైశాల్యం 1111 చదరపు మీటర్లు. వెడల్పు 20, పొడవు 60 చేసి చూడమంటాడు. 1200 వస్తుంది. చతురస్రం ఓడిపోయింది! వెడల్పు 30, పొడవు 40 చేస్తే మళ్ళీ 1200. ఇప్పుడు విద్యార్థే నడుమనున్న 25ను పట్టుకుంటాడు. 25, 50 కొలతలకు 1250 వస్తుంది. పెరుగుతూ వచ్చిన వైశాల్యం తగ్గడం మొదలుపెట్టే ఆ మలుపు వద్ద మార్పు రేటు సున్న అవుతుందని అప్పుడు చెబుతాడు. అవకలజాన్ని సున్నకు ఎందుకు సమానం చేయాలో తెలిసిన విద్యార్థి ఆ పద్ధతిని ఇక మరచిపోడు.

భౌతికశాస్త్రానికి మాచర్ల చేరువలోని ఎత్తిపోతలే ప్రయోగశాల. చంద్రవంక నీరు అక్కడ సుమారు 70 అడుగుల ఎత్తు నుండి, అంటే రమారమి 21 మీటర్ల నుండి దూకుతుంది. వర్షాకాలంలో నీరు ఎక్కువైతే అది పడే వేగం కూడా ఎక్కువవుతుందా? అవుతుందనే చాలామంది తలుస్తారు. స్థితిజశక్తి గతిజశక్తిగా మారే సమీకరణం రాసి చూస్తే ద్రవ్యరాశి రెండు వైపులా ఉండి కొట్టివేతకు గురవుతుంది. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే చుక్క నీరైనా, వరద నీరైనా అడుగుకు చేరేసరికి వేగం సెకనుకు సుమారు 20 మీటర్లే. అది గంటకు 70 కిలోమీటర్లు దాటిన వేగం. వరదలో పెరిగేది శక్తి, వేగం కాదు. ఈ భేదం తెలియని విద్యార్థి సూత్రాన్ని కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకోవచ్చు. ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే మాత్రం తెల్లబోతాడు.

తిప్పి అడిగే పరీక్షలు రావడంతోనే ప్రైవేటు స్వరూపం మారిపోయింది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్యాపిటేషన్ రుసుములను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ దశకంలోనే ఎంసెట్ ద్వారా వృత్తివిద్యా ప్రవేశాలు మొదలయ్యాయి. డబ్బుకు బదులు ప్రతిభకు పీట వేయాలన్నది ఉద్దేశం. ఆ ప్రతిభను సానపట్టడానికే మళ్ళీ డబ్బు అవసరం కావడం ఎవరూ కోరుకోని పరిణామం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న గణితోపాధ్యాయుడు చుక్కా రామయ్య హైదరాబాదులోని నల్లకుంటలో ఐఐటీ ప్రవేశ పరీక్షకు శిక్షణ ఇచ్చి ‘ఐఐటీ రామయ్య’గా పేరుపొందారు. ఆయన వద్ద చేరడానికే ఒక ప్రవేశ పరీక్ష ఉండేది. దానికి శిక్షణ ఇచ్చే కేంద్రాలు సైతం వెలిశాయి. ఆ తరువాత గుంటూరు, విజయవాడలలో వసతి కళాశాలలు పెరిగాయి. మాచర్ల నుండి గుంటూరు వెళ్ళే రైలు పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా పల్నాటి పిల్లలను అటు తీసుకుపోయింది.

నేడు ఈఏపీసెట్‌గా పిలువబడే ఆ పరీక్షలో ఇంజనీరింగు అభ్యర్థికి 3 గంటలలో 160 ప్రశ్నలు. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. ఒక్కొక్క ప్రశ్నకు 68 సెకన్లు కూడా దక్కవు. కంచె లెక్కను ఊహతో మొదలుపెట్టడానికి అక్కడ వ్యవధి ఎక్కడిది? కనుక మాస్టారు ఒక చిక్కులో పడతాడు. కారణం బోధిస్తే పాఠం సాగదు. కిటుకులు బోధిస్తే విద్యార్థి ఎదగడు. మొదటి సంవత్సరంలో కారణాలు, రెండవ సంవత్సరం చివర వేగం అని విభజించుకున్నవారే ఈ చిక్కును కొంతవరకు దాటగలిగారు. మొదటి నాటి నుండే కిటుకులు పంచిన చోట ఇంజనీరింగు మొదటి ఏడాదిలోనే విద్యార్థులు తడబడటం ఆశ్చర్యం కాదు.

రుసుము ఇచ్చుకోలేని వారి మాట మరింత కఠినమైనది. తరగతిలో సగం చెప్పి, మిగతా సగం ఇంటివద్ద అమ్మే అధ్యాపకుడు ఎక్కడైనా ఉంటే అతని వలన నష్టపోయేది వారే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని నిషేధించింది. అయితే ఆ చట్టం 6 నుండి 14 ఏళ్ళ బాలల విద్యకు సంబంధించినది. ఇంటర్మీడియట్ దాని పరిధిలోకి రాదు. 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వం శిక్షణ కేంద్రాలకు మార్గదర్శకాలు వెలువరించి, 16 ఏళ్ళ లోపు వారిని చేర్చుకోరాదన్నది. మధ్యలో మానేసిన వారికి మిగిలిన కాలపు రుసుము తిరిగి ఇవ్వాలన్నది. ఇంటి వరండాలో పది మందికి చెప్పే మాస్టారికీ, వేల మందిని చేర్చుకొనే సంస్థకూ ఒకే కొలబద్ద సరిపోతుందా అన్నది వేరే చర్చ.

ఇప్పుడు పాఠాలు చేతిలోని ఫోనులోనికే వచ్చాయి. 2021 నుండి జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులోనూ లభిస్తున్నది. గురజాల విద్యార్థి గుంటూరు వెళ్ళకుండానే దేశంలోని మేటి అధ్యాపకుల ఉపన్యాసాలు వినగలుగుతున్నాడు. ఇది చిన్న మేలు కాదు. అయినా సాయంత్రం వేళ వరండాలు ఖాళీ కాలేదు. పైకి విసిరిన బంతి లెక్కలో గురుత్వ త్వరణానికి ఋణ గుర్తు వేయని విద్యార్థి తన పొరపాటును తాను గుర్తించలేడు. ఏమి అడగాలో కూడా అతనికి తెలియదు. వరుసల మధ్య నడుస్తూ నోటుపుస్తకంలోనికి తొంగిచూసిన మాస్టారు మాత్రం అక్కడే ఆగుతాడు, జవాబు చెప్పడు. “బంతి పైకి పోతున్నకొద్దీ వేగం పెరుగుతుందా అబ్బాయీ?” అని అడిగి, ముందు వరుసకు వెళ్తాడు.