సీసాలో ఉన్న నీళ్లే నీళ్లు

హ్యూస్టన్,
ఫిబ్రవరి 20

లాస్యా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా చెవిలో ఉంది. స్ప్రింగ్ బ్రేక్‌కి నలుగురు స్నేహితురాళ్లు కలిసి డాలస్ నుంచి బిగ్ బెండ్ వెళ్తున్నామని చెప్పి, "నీళ్లకేం భయం మామయ్యా, పార్కు పొడుగూతా నదే కదా!" అన్నావు. అప్పటికి నవ్వేశాను గానీ ఫోన్ పెట్టాక మనసు కుదుటపడలేదు. ఇరవై ఏళ్ల కిందట నేనూ అచ్చం ఆ లెక్కే వేసుకుని వెళ్లాను. అది ఎక్కడ తప్పిందో చెబుదామనే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గానే ఉంటుంది. బయలుదేరే ముందు నలుగురూ కలిసి చదవండి.

ముందు ఆ నది సంగతి. రియో గ్రాండే అంటే స్పానిష్‌లో పెద్ద నది. అవతలి గట్టున మెక్సికోవాళ్లు దాన్ని రియో బ్రావో అంటారు. కొలరాడో కొండల్లో పుట్టి దాదాపు మూడు వేల కిలోమీటర్లు నడిచి మెక్సికో గల్ఫ్‌లో కలుస్తుంది. 1848 ఒప్పందంతో టెక్సస్ పొడుగునా అదే రెండు దేశాల సరిహద్దు అయింది. ఆగ్నేయంగా వస్తున్న నది ఒకచోట ఈశాన్యానికి పెద్ద మలుపు తిరుగుతుంది. ఆ మలుపు పేరే పార్కు పేరు. ఎనిమిది లక్షల ఎకరాల పైచిలుకు చివావన్ ఎడారిని 1944 జూన్ 12న నేషనల్ పార్కు చేశారు. దక్షిణాన 118 మైళ్ల దూరం దానికి నదే హద్దు.

పేరుకి పెద్ద నదే గానీ, ఎల్ పాసో చుట్టుపక్కల పొలాలూ ఊళ్లూ తోడుకున్నాక దిగువన చాలా దూరం అది దాదాపు ఎండిన వాగు. ప్రెసిడియో ఊరి దగ్గర మెక్సికో లోపలి నుంచి కాంచోస్ నది వచ్చి కలిస్తేనే మళ్లీ ఏరులా కనిపిస్తుంది. అంటే బిగ్ బెండ్‌లో నువ్వు చూడబోయే నీళ్లలో ఎక్కువ వాటా కాంచోస్‌ది. పార్కు పుట్టిన ఆ 1944లోనే రెండు దేశాలూ నీళ్ల ఒప్పందం కూడా రాసుకున్నాయి. కాంచోస్‌తో కలిపి ఆరు ఉపనదుల నుంచి మెక్సికో ఏడాదికి సగటున కనీసం మూడున్నర లక్షల ఎకరా-అడుగుల నీళ్లు అమెరికాకి వదలాలి. లెక్క ఐదేళ్లకోసారి చూస్తారు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో బాకీలు, పేచీలు. కృష్ణా నీళ్ల పంచాయితీ వింటూ పెరిగిన ఇంటిపిల్లవి, నీకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ వచ్చే నీళ్లు కూడా తాగటానికి పనికిరావు. ఎగువ పొలాల మందులు, ఊళ్ల మురుగు, పైన బురద. "ఫిల్టర్ ఉంది కదా" అనుకోవద్దు. బురదకి ఫిల్టర్ మూసుకుపోతుంది, మందులు దానికి లొంగవు.

ఇక నా సంగతి విను. అది మే నెల. హాట్ స్ప్రింగ్స్ దగ్గర కారు పెట్టి, నది వెంబడి రియో గ్రాండే విలేజ్ వైపు పోయే బాట పట్టాను. ఒకవైపుకి మూడే మైళ్లు. జమ్మలమడుగు ఎండల్లో పెరిగినవాడిని, మూడు మైళ్లు నాకో లెక్కా! చేతిలో లీటరు సీసా ఒకటి. బాట గుట్టలెక్కి దిగుతుంది, నీడనిచ్చే చెట్టు లేదు. పదిన్నరకి బయలుదేరినవాడిని, వెనక్కి తిరిగేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. సీసాలో రెండు గుక్కలు మిగిలాయి.

విచిత్రమేమిటంటే నాకు చెమట పట్టినట్టే తెలియలేదు. చొక్కా పొడిగానే ఉంది. చంక దగ్గర, వీపు మీద తెల్లటి చారలు చూసి సున్నం అంటుకుందనుకున్నాను. వేలితో గీసి నాలుకకి రాసుకుంటే ఉప్పు! పట్టిన చెమట పట్టినట్టే గాలికి ఆరిపోతోంది, ఉప్పు మాత్రం బట్టకి మిగిలిపోతోంది. మన కోస్తా ఉక్కలో అయితే ఒళ్లు తడిసి ముద్దై మనకి చెబుతుంది. ఇక్కడ ఒళ్లు చెప్పదు. తల దిమ్మెక్కింది. అడుగుకోసారి కూర్చోవాలనిపించింది. ఆసాంతం కింద నది కనిపిస్తూనే ఉంది, రాళ్ల దగ్గర దాని చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎదురుగా వచ్చిన ఒక ముసలి జంట నా వాలకం చూసి, అడగకుండానే ఒక సీసా చేతిలో పెట్టారు. వాళ్లు ఆవేళ రాకపోతే ఏమయ్యేదో ఆలోచించడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు.

నేను బతికి బట్టకట్టాను. అందరూ అలా తిరిగి రారు. 2023 జూన్‌లో అదే పార్కులో మారుఫో వేగా ట్రైల్ మీద, 119 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, పద్నాలుగేళ్ల కుర్రాడు స్పృహ తప్పి చనిపోయాడు. సాయం కోసం బయలుదేరిన సవతి తండ్రి కూడా దక్కలేదు. మీరు వెళ్లేది మార్చి కదా అంటావేమో. మార్చిలోనూ నది ఒడ్డున మధ్యాహ్నం బాగా కాస్తుంది. పైన చీసోస్ కొండల్లో చలికోటు కావాలి, కింద ఏటి దగ్గర ఇరవై ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువగా ఉండొచ్చు. ఒకే రోజు, ఒకే పార్కు.

అందుకని ఈ లెక్క రాసి పెట్టుకో. మనిషికి రోజుకి ఒక గాలన్, అంటే నాలుగు లీటర్లకి కాస్త తక్కువ. నలుగురికి మూడు రోజులంటే పన్నెండు గాలన్లు. కారు మొరాయిస్తే ఇంకో రోజు పడుతుంది, దానికి నాలుగు. మొత్తం పదహారు గాలన్లు. మన ఇళ్లకి తెచ్చి దింపే ఇరవై లీటర్ల క్యాన్లు మూడు అనుకో. పార్కులో నీళ్లు పట్టుకునే చోట్లు ఉన్నా, ఈ నీళ్లు కారులో ఉండి తీరాలి. నడకకి వెళ్లినప్పుడు సీసాలో సగం అయిందా, ఎంత దూరం వచ్చినా అక్కడే వెనక్కి తిరగండి. "ఆ మలుపు దాకా" అనొద్దు. నడకలన్నీ పొద్దున పదింటిలోపు ముగించండి. నీళ్లతోపాటు ఉప్పు కూడా పోవాలి ఒంట్లోకి. ఊరగాయన్నమో, పల్లీలో, ఏదో ఒకటి వెంట ఉండాలి.

దారి సంగతి. డాలస్ నుంచి తొమ్మిది గంటల పైమాటే. ఫోర్ట్ స్టాక్‌టన్‌లో ఒకసారి, మారథాన్‌లో మళ్లీ ఒకసారి ట్యాంకు నింపండి. మారథాన్ దాటాక పార్కులోని పాంథర్ జంక్షన్ దాకా డెబ్బై మైళ్లలో ఊరనేది లేదు. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు కాబట్టి మ్యాపు ముందే దించుకోండి, కాగితం మ్యాపు కూడా ఉంచుకోండి. అద్దెకారు తీసుకునేటప్పుడు డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో కళ్లారా చూసుకో. ఈమధ్య చాలా కార్లకి ఇవ్వట్లేదు. ఆ కారుతో మట్టిరోడ్ల జోలికి వెళ్లొద్దు. ఏ రోజు ఎక్కడ నడుస్తారో, ఎన్నింటికి తిరిగొస్తారో రాసి నాకు పంపు.

పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 ప్రింటు నలుగురి దగ్గరా ఉండాలి. తిరుగుదారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు దగ్గర ఆపి అడుగుతారు. మీరు దేశం దాటకపోయినా అడుగుతారు. కంగారుపడొద్దు, కాగితాలు చూపిస్తే రెండు నిమిషాల పని. బొకియాస్ అని అవతలి ఒడ్డున చిన్న ఊరుంది. 2002లో మూసిన ఆ రేవుని 2013లో మళ్లీ తెరిచారు. తెడ్డుపడవలో దాటించి గాడిదల మీద ఊళ్లోకి తీసుకెళ్తారు. ముచ్చటగానే ఉంటుంది గానీ, స్టూడెంట్ వీసా వాళ్లకి తిరిగి రావడం అంత తేలిక కాదు. ఈసారికి ఇవతలి నుంచే చూడండి. ఇంకెక్కడైనా నది దాటి అవతల అడుగుపెడితే అది నేరం. నీళ్లు మోకాళ్ల దాకే ఉన్నాయిగా, సరదాగా ఒక ఫోటో అనుకోవద్దు. ట్రైళ్ల పక్కన రాళ్ల మీద తీగతో చేసిన తేళ్లు, చేతికర్రలు పెట్టి, పక్కన డబ్బులేసే డబ్బా ఉంచుతారు. అవి కొనడం కూడా చట్టానికి విరుద్ధమే.

పులిహోర కలుపుకెళ్తామన్నావు, మంచిదే. కానీ టెంటులో పెట్టుకుని పడుకోవద్దు. 1940లనాటికి అక్కడ కనిపించకుండా పోయిన నల్ల ఎలుగుబంట్లు 1980ల చివర్లో మెక్సికో కొండల నుంచి తమంతట తామే తిరిగొచ్చాయి. అడవిపందుల్లాంటి హవలీనాలూ తిరుగుతుంటాయి. క్యాంపు దగ్గర ఇనపపెట్టెలుంటే వాటిలో, లేకపోతే కారులో పెట్టి తాళం వేయండి. కట్టెలతో మంట వేయడం పార్కులో ఎక్కడా కుదరదు.

ఇన్ని భయాలు చెప్పి ప్రయాణం మానిపిద్దామని కాదు తల్లీ. అక్కడికి నేను ఆరుసార్లు వెళ్లాను. సాంటా ఎలీనా కాన్యన్ చూశాక నువ్వే ఫోన్ చేస్తావు. కొండని చీల్చుకుని ఏరు బయటపడే చోటుని మన పెద్దవాళ్లు గండి అన్నారు. పెన్న ఒడ్డున మన గండికోట పేరు అలా వచ్చిందే. ఇదీ గండే. పదిహేను వందల అడుగుల గోడలు, మధ్యలో ఏరు. లోపలికి నడుస్తుంటే ఎడమచేతి గోడ మెక్సికో, కుడిచేతి గోడ అమెరికా. నడక మొదట్లోనే టర్లింగ్వా వాగు దాటాలి. ఎగువన ఎక్కడో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు వచ్చి మీదపడతాయి, మన వైపు వంక వచ్చినట్టే. నీళ్లు ఎర్రగా, జోరుగా ఉంటే ఒడ్డునే ఆగిపోండి.

గోడని దగ్గరగా చూడు. సున్నపురాయిలో గవ్వల చిప్పలు కనిపిస్తాయి. దాదాపు పది కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. మన వంటగట్టు మీద పరిచిన కడప బండ కూడా సున్నపురాయి జాతే, కాకపోతే భూమ్మీద గవ్వలే పుట్టని కాలం నాటిది. అమ్మమ్మ ఇంట్లో కూరగాయలు తరిగిన ఆ బండ ఈ గోడకంటే ఎన్నో రెట్లు పాతది.

చెట్లు చూసినా నీకు కొత్త అనిపించదు. అక్కడి మెస్కీట్, మన చెరువుల్నీ బీళ్లనీ ఆక్రమించిన సర్కారు తుమ్మకి దాయాది. నాగజెముడు, కిత్తనార కూడా అక్కడ రాతి సందుల్లో పెరుగుతాయి. అవి మన పొలాల గట్ల మీదివే అనుకుంటాం గానీ, వాటి పుట్టిల్లు అమెరికా ఖండమే. కిత్తనార కొన్ని దశాబ్దాల పాటు బలం కూడబెట్టి, ఒక్కసారి నిలువెత్తుకి మించిన పూకాడ వేసి, ఆ తర్వాత చచ్చిపోతుంది. దాని ఆకు అడుగున వేలితో నొక్కి చూడు. లోపల నీళ్లు దాచుకున్నట్టు తెలుస్తుంది. ఆ ఎడారిలో బతికే చాలా మొక్కలు తమ నీళ్లు తామే దాచుకుంటాయి. నది మీద ఆధారపడి కూర్చోవు.

రాత్రి కారు లైట్లన్నీ ఆర్పేసి, కళ్లు అలవాటు పడేదాకా పావుగంట ఓపిక పట్టండి. 2012లో బిగ్ బెండ్‌ని అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తించారు. మా చిన్నప్పుడు ఊళ్లో కరెంటు పోతే మిద్దె మీద పడుకుని చూసిన పాలపుంత నాకు మళ్లీ అక్కడే కనపడింది. మీ తరం డాలస్‌లోనూ చూడలేదు, హైదరాబాదులోనూ చూడలేదు.

బయలుదేరే రోజు పొద్దున డిక్కీలో నీళ్ల క్యాన్లు పేర్చి ఒక ఫోటో తీసి పంపు, నేను లెక్కపెట్టుకుంటాను. తిరిగొచ్చాక ఎన్ని మైళ్లు నడిచారో నాకు చెప్పక్కర్లేదు. క్యాన్‌లో ఎన్ని నీళ్లు మిగిలాయో చెప్పు. ఎంతో కొంత మిగిలి ఉండాలి.

ఇట్లు,
మీ మామయ్య