చేతిఫోనులో చలనచిత్రము

ఒకే చలనచిత్రమును ఒకే ఇంటిలో రెండు చేతిఫోనులలో చూచినను, ఒకదానిలో బొమ్మ నిర్మలముగాను, రెండవదానిలో మసకగాను కనిపించుట కలదు. మసకగా చూపిన ఫోను తెర నాసిరకమైనదని పలువురు తలంతురు. కారణము అదియే కానక్కరలేదు. దూరమునుండి వచ్చు దృశ్యము మన కంటికి చేరులోపల మూడు ద్వారములు దాటవలసి యున్నది. వానిలో ఇరుకైన ద్వారము ఎంత విడిచిన, మనకు అంతయే లభించును.

తెరపై కనిపించు బొమ్మ చుక్కల కూర్పు. వాకిట ముగ్గునకు చుక్కలు హెచ్చుగా పెట్టినకొలది సన్నని పనితనము చూపవచ్చును గదా! ఇదియు నట్లే. ఈ చుక్కలకు పిక్సెళ్లని పేరు. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల దృశ్యమును 1080పి అందురు. అట్టి ఒక్క బొమ్మలో 20,73,600 చుక్కలుండును. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు వలయుననియు, సెకనుకు 30 బొమ్మలు నడచుననియు లెక్కించినచో, సెకనుకు దాదాపు 149 కోట్ల బిట్లు పంపవలసివచ్చును. కాని ఇంటర్నెట్టుపై అట్టి వీడియో సుమారు 50 లక్షల బిట్లతోనే నడచుచున్నది. ఇది దాదాపు 300 వంతులలో ఒక వంతు మాత్రమే.

ఇంత భారము తగ్గుట ఎట్లు? గోడముందు నిలిచి ఒకడు మాటలాడుచున్నాడనుకొనుడు. గోడ మారదు, పెదవులు, చేతులు మాత్రమే కదలును. కావున మొదటి బొమ్మను పూర్తిగా పంపి, పిదపటి వానిలో మారిన భాగమును మాత్రమే తెలిపిన చాలును. ఇంతేకాక, కంటికి ఆనని సూక్ష్మభేదములను గణితముచే వేరుపరచి విడిచివేయుదురు. ఈ గణితపద్ధతిని కనుగొన్నవాడు 1940లో బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహమ్మదు. 1972లో ఆయన ధనసహాయము కోరగా అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ నిరాకరించెను. ఆయన నిరుత్సాహపడక కృషి సాగించి, టి. నటరాజన్, కె. ఆర్. రావు అనువారితో కలిసి 1974లో ఆ పద్ధతిని ప్రకటించెను. నేటి వీడియో పద్ధతులలో పెక్కింటికి అదియే పునాది.

ఇట్లు కుదించుటకును, మరల విప్పుటకును ఏర్పరచిన విధానమునకు కోడెక్ అని పేరు. ఇది మొదటి ద్వారము. పూర్వము గ్రామకరణములు కలమెత్తక గొలుసుకట్టుగా లెక్కలు వ్రాసెడివారు. వ్రాత త్వరగా సాగెడిది. కాని ఆ వ్రాతకు అలవాటుపడినవారే దానిని చదువగలిగెడివారు. కోడెక్కును అట్టిదే. పంపువారు ఏ విధమున వ్రాసిరో, ఫోను ఆ విధమున చదువ నేర్చియుండవలెను. 2003లో వెలువడిన ఎ.వి.సి. ని దాదాపు అన్ని స్మార్టుఫోనులును చదువగలవు. 2013లో వచ్చిన హెచ్.ఇ.వి.సి. అదే నాణ్యతను సుమారు సగము బిట్లతో ఇచ్చును. 2018లో వచ్చిన ఎ.వి.1 ఇంకను పొదుపైనది. కాని పొదుపు పెరిగినకొలది, విప్పుటకు వలయు లెక్కయు పెరుగును. అందులకై చిప్పులో ప్రత్యేకభాగ మున్నచో పని తేలికగా సాగును. ఆపిల్ ఫోనులలో ఎ.వి.1కు అట్టి భాగము 2023లో, ఐఫోన్ 15 ప్రోతో మొదలయ్యెను. అది లేని ఫోను కేవలము సాఫ్టువేరుతో విప్పజూచినచో వేడెక్కును. బ్యాటరీ త్వరగా తరుగును. దృశ్యము ఆగి ఆగి నడచును.

రెండవది కాపలా ద్వారము. తమ చిత్రములను ఇతరులు దొంగిలింపకుండ సంస్థలు వానికి తాళము వేసి పంపును. ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ ఏర్పాటునకు వైడ్‌వైన్ అని పేరు. తాళపుచెవిని, విప్పిన దృశ్యమును చిప్పులోని భద్రమైన అరలో దాచు ఫోనులు ఎల్1 తరగతికి చెందును. సాఫ్టువేరుపై మాత్రమే ఆధారపడునవి ఎల్3 తరగతివి. ఎల్3 ఫోనులకు నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు 480పి వంటి చిన్న దృశ్యమునే పంపును. తెర ఎంత గొప్పదైనను ఫలము లేదు.

మూడవది మార్గము. కాలువలో పారినంత నీరే మడికి చేరును. అందుచే ఒకే వీడియోను పలు కొలతలలో సిద్ధపరచి, కొన్ని సెకనుల తునకలుగా ఉంచుదురు. దిగుడుబావిలో నీరు తగ్గినప్పుడు మనము ఒక మెట్టు దిగి కడవ ముంచుకొనునట్లు, మార్గము సన్నగిల్లినప్పుడు ఫోను చిన్న కొలత తునకను అడిగి తెచ్చుకొనును. బొమ్మ మసకబారును గాని కథ ఆగదు.

ఈ మెట్ల విలువ 2020లో దేశమునకు తెలిసివచ్చెను. ఆ మార్చిలో కోవిడ్ వ్యాధి కారణమున జనులు ఇండ్లలోనే నిలిచిరి. ఇంటర్నెట్టుపై భారము పెరిగెను. అప్పుడు మన దేశమున వీడియో సంస్థలు సమావేశమై, సెల్యులార్ మార్గములపై 480పి కి మించిన దృశ్యమును ఏప్రిల్ 14 వరకు పంపరాదని నిశ్చయించినవి. వినోదము కొంత మసకబారినను, మార్గము నలుగురికి మిగులవలెనని వారి ఉద్దేశము.

ఆ సంవత్సరముననే పాఠములును ఫోనులోనికి వచ్చినవి. పాఠమును క్రొత్త కోడెక్కులో మాత్రమే, పెద్ద కొలతలో మాత్రమే పంపినచో, పాత ఫోను గల ఇంటి బాలికకు ఆ పాఠము అందదు. నల్లబల్లపై అక్షరములు చదువుటకు వీలుగా 480పి దృశ్యము అందిన చాలు, ఆమె చదువు సాగును. కావుననే వివేకము గలవారు క్రొత్తదానిని చేర్చుకొనుచునే ఎ.వి.సి. ని, చిన్న కొలతలను నిలుపుకొనుచున్నారు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇట్టి యంత్రములను నిర్మింపగలరు. పై మెట్టును కట్టునపుడు క్రింది మెట్టును తొలగింపకుడు. దానిపై నిలిచి నీరు ముంచుకొనువారు ఇంకను కలరు.