శిక్షణ ఖర్చు ఎవరు భరిస్తారు?

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర మేం ముప్పై మందిమి కూరగాయలు పండిస్తాం. అందరివీ ఎకరం, రెండెకరాలే. పురుగుమందులు లేని సాగు నేర్చుకోవాలనుంది. శిక్షణకు డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: మీ జేబులోంచి తీయకండి. రైతుల శిక్షణ కోసమే ‘ఆత్మ’ పథకం ఉంది. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. ముప్పై మందీ సంతకాలు పెట్టి మండల వ్యవసాయాధికారికి దరఖాస్తు ఇవ్వండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి సేద్య మిషన్ క్లస్టర్ల వారీగా నడుస్తుంది. మీ ఊరు అందులో ఉందేమో అక్కడే అడగండి.

ఒక్క మాట మాత్రం పట్టుబట్టి రాయించండి: శిక్షణ మీ పొలంలోనే జరగాలి. హాల్లో కూర్చోబెట్టి బొమ్మలు చూపిస్తే మీకు ఒక రోజు పని పోవడమే మిగులుతుంది. వంగ ఆకు తిరగేసి పురుగు గుడ్లు చూపించాలి. ఐదు కిలోల వేపగింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, వంద లీటర్ల కషాయం మీ చేతనే చేయించాలి. అదీ నారు పోసిన నాటి నుంచి కోత దాకా, విడతలు విడతలుగా.

జనగామ జిల్లా ఏనెబావి 2006లోనే రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకుంది. అక్కడి రైతులతో ఒక పూట గడిపి రండి. ఆత్మలో సందర్శన యాత్రలకూ వీలుంది, బస్సు ఖర్చు అదే దరఖాస్తులో అడగండి.