తగ్గించుకుంటే పేదవాళ్లమైపోతామా?



గత నెల ఎనిమిదో తరగతిలో వనరుల పాఠం చెబుతున్నాను. కిటికీ బయట విమానం దిగుతోంది. "అభివృద్ధి అంటే ఏమిటి?" అని అడిగితే అందరి వేళ్లూ అటే చూపించాయి. "అవసరానికి మించి వద్దనుకోవడం కూడా అభివృద్ధేనేమో?" అన్నాను. ఒక బాబు లేచి, "అంటే మనం పేదవాళ్లమైపోవాలా మేడం?" అన్నాడు. అప్పటికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ పాఠం ఆ బాబు కోసమే.

ఉత్పత్తి, వినియోగం ఏటేటా పెరగడమే ప్రగతి కాదు, భూమి భరించగలిగినంతలో అందరికీ సరిపడా ఉండాలి అనే ఆలోచనను డీగ్రోత్ అంటారు. లేనివాళ్లను ఇంకా తగ్గించుకోమనడం కాదు, ఎక్కువ వాడేవాళ్లు తగ్గించుకోవడం. పేరు ఫ్రాన్స్‌లో పుట్టింది. దానికి దగ్గరి ఉదాహరణ మాత్రం మన తెలంగాణలోనే ఉంది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల్లో ఎక్కువమంది కొద్దిపాటి మెట్ట పొలం ఉన్న దళిత మహిళలు. బీడు భూముల్ని సాగులోకి తెచ్చారు. ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, సామ కలిపి వేస్తారు. వాన తగ్గి ఒక పంట పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. విత్తనాలు ఇంట్లోనే బూడిద, వేపాకు కలిపి దాచుకుంటారు. లేనివాళ్లకు అప్పిచ్చి, పంట వచ్చాక కాస్త ఎక్కువ కలిపి గింజలే తిరిగి తీసుకుంటారు. సంఘం ధాన్యాన్ని తక్కువ ధరకు ఎవరికివ్వాలో ఊరివాళ్లే కూర్చుని తేల్చేవారు. ఏటా ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర ఊరూరా తిరుగుతుంది.

2008 మార్చిలో మన శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో ఆ మహిళలు సొంతంగా సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. 2019లో వారి సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

వాళ్లు తిండి తగ్గించుకోలేదు, అప్పు తగ్గించుకున్నారు. బజారు మీద ఆధారపడటం తగ్గించుకున్నారు. ఆ బాబుకు నా జవాబు ఇదే.

ఈ నెల ఇంట్లో ఇవి చేయించండి:

1. వారానికి ఒకరోజు బాక్సులో జొన్నరొట్టె గానీ కొర్రన్నం గానీ పెట్టండి. "డైట్ ఫుడ్" అనకండి, మన తిండి అని చెప్పండి.
2. పొట్టయిన యూనిఫాం, చదివేసిన పుస్తకాలు అపార్ట్‌మెంట్‌లో మరో బిడ్డకు మీ పిల్లల చేతే ఇప్పించండి.
3. మీ ఇల్లున్న చోట ఇదివరకు ఏ పంట పండేదో ఊరి పెద్దల్ని అడిగి రాసుకు రమ్మనండి.

మూడోదాని జవాబులు క్లాసులో అందరం కలిసి చదువుకుంటాం.

– మీ సోషల్ టీచర్